బాల్కనీకి డెక్ టైల్స్: వేయించే ముందు అందరూ అడిగే ప్రశ్నలు

హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్ బాల్కనీలకు, మేడ మీదకు డెక్ టైల్స్ వేయడం మా పని. ఫోన్ చేసినవాళ్లు ముందు రంగు గురించి అడుగుతారు, తర్వాత రేటు. నేను మాత్రం మొదట "మీ బాల్కనీలో నీళ్లు ఎటు పోతాయండీ?" అని అడుగుతాను. ఆ ఒక్కటి తేలితే మిగతా పని ఒక పూటలో అయిపోతుంది. రోజూ ఫోన్లో చెప్పే జవాబులే ఇక్కడ రాశాను. మాతో వేయించుకోకుండా మీరే సొంతంగా వేసుకున్నా ఇవి పనికొస్తాయి.

అసలు డెక్ టైల్ అంటే ఏమిటి? మామూలు టైల్‌కి దీనికి తేడా ఏంటి?

దాదాపు అడుగు పొడవు, అడుగు వెడల్పు ఉండే చదరపు పలక. పైన చెక్క పట్టీలో, చెక్కలా కనిపించే డబ్ల్యూపీసీ (చెక్కపొడి, ప్లాస్టిక్ కలిపి చేసినది) పట్టీలో ఉంటాయి. వాటి కింద ప్లాస్టిక్ చట్రం, ఆ చట్రానికి పొట్టి పొట్టి కాళ్లు. ఎక్కువగా దొరికే కొలత 300 మి.మీ. × 300 మి.మీ., ఎత్తు 20 నుంచి 25 మి.మీ. రెండు పక్కల కొక్కేలు, మిగతా రెండు పక్కల రింగులు ఉంటాయి. ఒక టైల్ రింగుల్లో పక్క టైల్ కొక్కేలు పెట్టి అరచేత్తో నొక్కితే టక్కున పడిపోతుంది. సిమెంటు, గమ్, మేకులు ఏవీ అక్కర్లేదు. పాత నేలను పగలగొట్టే పని లేదు.

వాన నీళ్లు పట్టీల సందుల్లోంచి కిందికి దిగి, ఆ కాళ్ల మధ్య నుంచి పాత నేల వాటం వెంబడి పోతాయి. మన పాదాలు మాత్రం నీళ్లకు పైన ఉంటాయి.

షాపుకి వెళ్లి "ఇంటర్‌లాకింగ్ టైల్స్" అని అడిగితే చాలాచోట్ల పార్కింగులో పరిచే సిమెంటు పేవర్లు చూపిస్తారు. "బాల్కనీకి డెక్ టైల్స్" అనే అడగండి.

ఆఫీసుల్లో కింద వైర్లు పోయేలా వేసే రైజ్డ్ ఫ్లోర్ ఇదేనా?

కాదు. హైటెక్ సిటీ ఆఫీసుల్లో, సర్వర్ రూముల్లో చూసేవి 600 మి.మీ. పలకలు. వాటిని ఇనుప స్టాండ్ల మీద కూర్చోబెడతారు, స్టాండు ఎత్తును తిప్పి సరిచేస్తారు. ఆ పలకల్లో చాలావరకు ఇంటి లోపలి పొడి వాతావరణానికి చేసినవి, వానలో తడవడానికి కావు. ఇంటి బాల్కనీకి అంత సరంజామా అవసరం లేదు.

నీళ్లు ఎటు పోతాయని అంతగా ఎందుకు అడుగుతారు?

నేను చేసిన తప్పు చెబితే అర్థమవుతుంది. ఈ పని మొదలుపెట్టిన కొత్తలో కూకట్‌పల్లిలో మా అక్కవాళ్ల ఫ్లాట్‌లో వేశాను. ఐదో అంతస్తు, చిన్న బాల్కనీ. మూలనున్న నహానీ ట్రాప్ (నీళ్లు పోయే రంధ్రం, దాని మీద జాలీ ఉంటుంది) మీద కూడా టైల్ వేసేసి, అందంగా ఉంటుందని దాని మీద పెద్ద మనీప్లాంట్ కుండీ పెట్టాను. జూలైలో ఒక రాత్రి గట్టి వాన పడింది. ఎండుటాకులు, పావురాల ఈకలు, కుండీలోంచి కారిన మట్టి అన్నీ కింద కొట్టుకొచ్చి జాలీకి అడ్డం పడ్డాయి. పైన చూస్తే టైల్స్ బాగానే ఉన్నాయి. కింద నీళ్లు నిండుతున్న సంగతి ఎవరికీ తెలియలేదు. తెల్లారేసరికి స్లైడింగ్ తలుపు కిందనుంచి హాల్లోకి నీళ్లు వచ్చి సోఫా కాళ్లు నానిపోయాయి.

బావ కుండీ జరిపితే నేను టైల్ ఊడదీసి వేళ్లతో ఆ జాలీ తవ్వాను. పిడికెడు నల్ల బురద వచ్చింది. దాని మధ్యలో ఒక బట్టల క్లిప్పు. ఆ క్లిప్పు ఎప్పుడు పట్టీల సందులోంచి జారిందో, ఎన్నాళ్లు అక్కడ ఉండి చెత్తనంతా పోగేసిందో. అక్క ఒక్క మాట కూడా అనలేదు, అదే నాకు ఎక్కువ బాధనిపించింది.

అప్పటినుంచి జాలీ మీద పడే టైల్‌ని వేరుగా చూస్తాను. దాని కొక్కేలు, పక్క టైళ్ల నుంచి దాంట్లోకి వచ్చే కొక్కేలు కటింగ్ ప్లేయర్‌తో తీసేసి, ఊరికే కూర్చునేలా పెడతాను. ఒక మూల పట్టీల మధ్యనుంచి చిన్న నైలాన్ తాడు ముడి బయటికి వదులుతాను. ఇంట్లో ఆడవాళ్లయినా పెద్దవాళ్లయినా ఆ ముడి పట్టుకుని ఒంటిచేత్తో పైకెత్తొచ్చు. ఆ టైల్ మీద కుండీ, కుర్చీ, షూ ర్యాక్ ఏదీ పెట్టవద్దని చెప్పి వస్తాను. మీరు ఎవరితో వేయించినా ఇది మాత్రం తప్పకుండా అడిగి చేయించుకోండి.

వేసే ముందు కింద నేల ఎలా ఉండాలి?

గట్టిగా, వాటంగా ఉండాలి. డెక్ టైల్స్ నేలను దాస్తాయి కానీ బాగుచేయవు. పాత నేలలో పగిలిన టైల్ ఉంటే డెక్ టైల్ కాళ్లు సరిగా ఆనక నడిచినప్పుడల్లా చప్పుడొస్తుంది. వాటం మీటరుకు సుమారు ఒక సెంటీమీటరు ఉంటే చాలు. రసమట్టం (స్పిరిట్ లెవెల్) లేకపోయినా ఫర్వాలేదు, చెంబెడు నీళ్లు గుమ్మం దగ్గర పోసి చూడండి. అవి జాలీ వైపు పోకుండా మధ్యలో మడుగు కట్టినా, తిరిగి గుమ్మం వైపే వచ్చినా ముందు మేస్త్రీని పిలిచి వాటం సరిచేయించాలి.

అంతకంటే ముఖ్యమైంది, కింది ఫ్లాట్‌వాళ్ల సీలింగ్. వాళ్ల బాల్కనీ పైకప్పుకి నెమ్ము మరకలు ఉన్నాయేమో ఒకసారి వెళ్లి చూసి రండి. అనుమానంగా ఉంటే జాలీకి గుడ్డ కుక్కి, బాల్కనీలో అంగుళం మేర నీళ్లు నిలిపి ఒకటి రెండు రోజులు ఉంచండి. మీ గుమ్మం అంతకంటే ఎత్తుగా ఉందో లేదో ముందే చూసుకోండి. కింద చెమ్మ కనిపిస్తే వాటర్‌ప్రూఫింగ్ చేయించి, అది ఆరాకే మా పని. ఆ మాట చెప్పి బయానా తిరిగిచ్చేసిన ఇళ్లు ఉన్నాయి. నెమ్ము మీద టైల్స్ కప్పి డబ్బులు తీసుకోవడం నాకు ఇష్టం ఉండదు.

మా బాల్కనీకి ఎన్ని టైల్స్ పడతాయి?

అడుగుల్లో కాకుండా సెంటీమీటర్లలో కొలవండి. 300 మి.మీ. టైల్ పూర్తి అడుగు కాదు, దాదాపు 0.97 చదరపు అడుగు. చదరపు మీటరుకు 11 టైల్స్ పైచిలుకు పడతాయి.

మన అపార్ట్‌మెంట్లలో తరచుగా కనిపించే 10 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు బాల్కనీ చూద్దాం. అంటే 305 సెం.మీ., 122 సెం.మీ. పొడవునా 10 టైల్స్ పెడితే 300, వెడల్పులో 4 పెడితే 120. మొత్తం 40 టైల్స్. పొడవులో మిగిలిన 5 సెం.మీ., వెడల్పులో మిగిలిన 2 సెం.మీ. గోడల పక్కన సందుగా వదిలేస్తే సరి, ఒక్క టైల్ కూడా కోయాల్సిన పని లేదు. ఎండకు, తేమకు టైల్స్ కాస్త సాగుతాయి కాబట్టి గోడ పక్కన 5 నుంచి 10 మి.మీ. సందు ఎలాగూ కావాలి.

అదే 11 అడుగులు, నాలుగున్నర అడుగులైతే లెక్క మారుతుంది. 335 సెం.మీ.లో 11 టైల్స్ బాగానే పడతాయి. 137 సెం.మీ.లో 4 పెట్టాక 17 సెం.మీ. మిగిలిపోతుంది. ఒక వరస కోసి వేయాలంటే ఇంకో 11 కొనాలి, ఒక్కో టైల్‌లో మిగిలే ముక్క దేనికీ పనికిరాదు. అలాంటప్పుడు ఆ 17 సెం.మీ. మేర తెల్ల గులకరాళ్లు పరిచి పూల కుండీలు పెట్టుకోమని చెబుతాను. ఖర్చు తగ్గుతుంది, చూడటానికీ బాగుంటుంది. రాళ్లు జాలీలోకి దొర్లకుండా చుట్టూ ఒక మెష్ ముక్క పెట్టండి.

కొంతమంది అమ్మేవాళ్లు కొక్కేలతో కలిపి కొలత చెబుతారు. కొనే ముందు రెండు టైల్స్ బిగించి ఆ జత పొడవు కొలవండి, సగం చేస్తే అసలు కొలత తెలుస్తుంది. ప్యాకుల్లో అమ్మేచోట ప్యాకుకి ఎన్నో చూడండి. ఉదాహరణకు ఐకియాలో రన్నెన్ పేరుతో వచ్చేవి తొమ్మిది టైళ్ల ప్యాకు, 0.81 చదరపు మీటర్లకు సరిపోతాయి. రేట్లు పోల్చేటప్పుడు ఒకరు టైల్‌కి, ఇంకొకరు చదరపు అడుగుకి, మరొకరు ప్యాకుకి చెబుతారు. అన్నీ చదరపు మీటరుకి మార్చుకుని చూడండి.

మేమే వేసుకోగలమా?

కోత పని లేకపోతే ఇద్దరు మనుషులకి గంట, గంటన్నర పని. కావాల్సింది ఒక చీపురు, రబ్బరు సుత్తి, కొలత టేపు.

ముందు నేలంతా కడిగి ఆరనివ్వండి. గుమ్మం వైపు, ఎక్కువగా కనిపించే మూల ఎంచుకుని అక్కణ్ణుంచి మొదలుపెట్టండి. మొదటి టైల్ కొక్కేలు ఏ రెండు దిక్కుల్లో ఉన్నాయో చూసుకోండి, ఆ తర్వాత ప్రతి టైల్ కొక్కేలూ అవే దిక్కుల్లో ఉండాలి. పట్టీలు ఒకటి నిలువు, ఒకటి అడ్డం పెట్టి గళ్ల డిజైన్ చేయాలనుకుంటే మాత్రం తిప్పినప్పుడు కొక్కేలు రింగులు కలుస్తాయో లేదో నాలుగు టైల్స్‌తో ముందే చూసుకోండి. కొన్ని రకాలు కలవవు.

ఒక వరస పూర్తిగా బిగించాక రెండో వరస. నొక్కేటప్పుడు కొక్కెం రింగు మీద సరిగ్గా కూర్చుందో లేదో వేలితో తడిమి, అప్పుడు నొక్కండి. వంకరగా ఉన్నప్పుడు సుత్తితో కొడితే కొక్కెం విరుగుతుంది. సరిగా పడితే "టక్" మని ఒక చిన్న శబ్దం వస్తుంది, రెండు మూడు టైళ్లకే చేతికి అలవాటైపోతుంది. ముక్కలు కోయాల్సిన వరసను రెయిలింగ్ వైపో, కుండీలు పెట్టే వైపో వచ్చేలా చూసుకోండి.

పైపు చుట్టూ కోయాలంటే అట్టముక్క మీద ముందు ఆ గుండ్రం కత్తిరించి, పైపుకి ఆనించి చూసి, ఆ గీత టైల్ మీదకి దింపండి. పట్టీలకు రంపం, కింద ప్లాస్టిక్ చట్రానికి కటింగ్ ప్లేయర్ చాలు. మెషీన్‌తో కోస్తే కళ్లద్దాలు పెట్టుకోకుండా మొదలుపెట్టొద్దు, ప్లాస్టిక్ పెళ్లలు ఎగిరొస్తాయి.

బాల్కనీ తలుపు తగలదా?

చాలామంది ఇది టైల్స్ కొన్నాకే గమనిస్తారు. లోపలికి తెరిచే తలుపైతే, స్లైడింగ్ అయితే గొడవ లేదు. బయటికి తెరిచే దోమల మెష్ తలుపు ఉందంటే మాత్రం కొలవాల్సిందే. తలుపు అడుగుకీ నేలకీ మధ్య టైల్ ఎత్తు కన్నా కనీసం 5 మి.మీ. ఎక్కువ ఖాళీ ఉండాలి. లేకపోతే తలుపు తిరిగేంత మేర టైల్స్ మానేయాలి, లేదా తలుపు అడుగు కోయించాలి.

స్లైడింగ్ తలుపు ట్రాకుకి బయటి వైపు చిన్న చిన్న రంధ్రాలు ఉంటాయి. ట్రాకులో పడిన వాన నీళ్లు వాటిలోంచే బయటికి పోతాయి. టైల్‌ని వాటికి ఆనించి మూసేయకండి.

చెక్కదా, డబ్ల్యూపీసీదా? ఏది తీసుకోమంటారు?

చెక్క (ఎక్కువగా వచ్చేవి అకేషియా, కొంచెం ఖరీదులో టేకు) పాదానికి హాయిగా ఉంటుంది. కానీ ఏడాదికి రెండుసార్లు, వానలకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి నూనె పట్టించాలి. మానేస్తే రంగు పోయి బూడిద రంగులోకి వస్తుంది, పట్టీలు చీలతాయి. అంత ఓపిక ఉన్నవాళ్లకే చెక్క చెబుతాను.

డబ్ల్యూపీసీ అంటే చెక్కపొడి, ప్లాస్టిక్ కలిపి చేసిన పట్టీ. నూనె అక్కర్లేదు, పెచ్చులు గుచ్చుకోవు. అద్దెకిచ్చే ఇళ్లకు, తీరిక లేని ఇళ్లకు ఇదే సరి. మా పనిలో ఎక్కువ భాగం ఇదే.

పూర్తి ప్లాస్టిక్‌వి తేలిక, చవక. ఎండ పడని యుటిలిటీ వైపు బాగుంటాయి. ఏ రకమైనా కింద ప్లాస్టిక్ చట్రం ఎండను తట్టుకునే రకమా అని అడగండి. పైన పట్టీ ఎంత మంచిదైనా అడుగున ప్లాస్టిక్ పెళుసెక్కితే కొక్కేలు పుటుక్కున విరుగుతాయి. షాపులోనే టైల్ తిరగేసి చూడండి, కాళ్లు దగ్గర దగ్గరగా ఉన్నది తీసుకోండి.

పైన ప్లాస్టిక్ పచ్చగడ్డి ఉండే రకం ఫొటోల్లో బాగుంటుంది. దుమ్ము, పావురాల రెట్టలు అందులో ఇరుక్కుంటే కడగడం చాలా కష్టం, పావురాలు వచ్చే బాల్కనీకి నేను వేయను.

మే నెల ఎండకు కాళ్లు కాలవా?

కాలతాయి. నేరుగా మధ్యాహ్నపు ఎండ పడే పడమటి బాల్కనీలో, మేడ మీద ముదురు రంగు డబ్ల్యూపీసీ మీద ఉత్త కాళ్లతో నిలబడలేం. చెక్క కంటే డబ్ల్యూపీసీ ఎక్కువ వేడెక్కుతుంది. రామగుండం, రెంటచింతల వైపు ఎండలు తెలిసినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. అలాంటిచోట లేత రంగు తీసుకోండి, వెదురు చాపో షేడ్ నెట్టో కట్టండి. పాకే పిల్లలు ఉన్న ఇల్లయితే బిడ్డను వదిలే ముందు మీ అరచెయ్యి పెట్టి పది అంకెలు లెక్కపెట్టండి. చెయ్యి తీసేయాలనిపిస్తే బిడ్డను దింపకండి.

మేడ మీద వేస్తే కింద గది చల్లబడుతుందా?

కొంత. శ్లాబు మీద నేరుగా ఎండ పడదు, మధ్యలో గాలి ఆడుతుంది. కానీ ఆ ఒక్క ఉద్దేశంతో వేయించుకోవద్దు. చల్లదనమే కావాలంటే తెల్లని కూల్ రూఫ్ పెయింటుకి అయ్యే ఖర్చు చాలా తక్కువ. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది కూడా ఎండను తిప్పికొట్టే ఇలాంటి పైకప్పులు పెరగాలనే. ఇప్పటికే తెల్ల పెయింటు వేయించినవాళ్లు దానిమీద నల్లటి టైల్స్ కప్పితే ఆ లాభం పోతుంది. కూర్చునే మేరకు మాత్రం వేసుకుని మిగతా మేడను తెల్లగా ఉంచుకోండి.

కింద దోమలు, బొద్దింకలు చేరవా?

వాటం సరిగా ఉండి నీళ్లు పోతుంటే దోమలు పెరగవు. మడుగు కడితే పెరుగుతాయి. డెంగీ దోమ గుడ్డు నుంచి ఎగిరే దోమ అవడానికి సుమారు వారం పది రోజులు చాలు. 2020లో తెలంగాణలో "ప్రతి ఆదివారం ఉదయం పది గంటలకు పది నిమిషాలు" అని ఇంట్లో నిల్వ నీళ్లు పారబోయమని పిలుపిచ్చారు గుర్తుందా? డెక్ టైల్స్ ఉన్న ఇంటికి ఆ అలవాటు బాగా పనికొస్తుంది. జాలీ టైల్ ఎత్తండి, చెత్త తీయండి, మగ్గు నీళ్లు పోసి చూడండి. వానాకాలంలో వారానికోసారి, మిగతా రోజుల్లో పదిహేను రోజులకోసారి చాలు.

బొద్దింకలు తిండి ఉంటేనే వస్తాయి. పట్టీల సందుల్లో అన్నం మెతుకులు, పిల్లల బిస్కెట్ పొడి పడకుండా చూసుకోవాలి. చెదలు ఉన్న ఇంట్లో చెక్క రకం వద్దు. ముందు చెద మందు కొట్టించండి, తర్వాత డబ్ల్యూపీసీ వేయించండి.

మాకు బాల్కనీలో తులసికోట ఉంది. రోజూ ముగ్గు వేస్తాం. ఎలా?

తులసికోట చుట్టూ ఒక టైల్ వెడల్పు మేర పాత నేలను అలాగే వదిలేయించండి. పట్టీల మీద ముగ్గు కుదరదు, పిండి సందుల్లో పడి చీమలు బారులు కడతాయి. మా కస్టమర్ ఒకావిడ కోట ముందు సరిగ్గా నాలుగు టైళ్ల జాగా వదిలించుకున్నారు. చుట్టూ చెక్క రంగు, మధ్యలో కడిగిన గచ్చు మీద తెల్లని ముగ్గు. మేము వేసినవాటిలో నాకు బాగా నచ్చిన బాల్కనీ అదే.

దీపాలను ప్రమిద కింద పళ్లెం పెట్టి వెలిగించండి. దీపావళికి కాకరపువ్వొత్తులు ఈ టైల్స్ మీద కాల్చొద్దు. కాలిన తీగ పడిన చోట గీతలా కరిగిపోతుంది, ఆ మచ్చ పోదు. గడ్డి రకమైతే అంటుకునే ప్రమాదం కూడా ఉంది.

వాషింగ్ మెషీన్ కింద వేయొచ్చా? బాత్రూములో?

మెషీన్ కింద వద్దు. స్పిన్ తిరిగేటప్పుడు అదురుకి కొక్కేలు వదులైపోతాయి. మెషీన్‌ని నేల మీదే ఉంచి దాని ముందు వరకూ వేసుకోండి. బాత్రూములో చెక్క, డబ్ల్యూపీసీ రెండూ వద్దు. సబ్బు జిడ్డు, వెంట్రుకలు కింద చేరి రెండు వారాలకే వాసన మొదలవుతుంది.

పెద్దవాళ్లు జారతారా? కాలు తట్టుకుని పడతారా?

గీతలున్న పట్టీలు తడిసినా పట్టు ఇస్తాయి, నున్నటి గ్లేజ్ టైల్ కంటే చాలా నయం. కానీ నీడలో, వానాకాలంలో పాచి పడితే ఏ నేలైనా జారుతుంది. దానికి మందు వారానికోసారి బ్రష్.

కాలు తట్టుకోవడం గురించి ఎక్కువ జాగ్రత్త పడాలి. టైల్స్ మధ్యలో ఆగిపోతే అక్కడ రెండు సెంటీమీటర్ల మెట్టు వస్తుంది. కాలు ఈడ్చి నడిచే పెద్దవాళ్లకి అది చాలు పడటానికి. ఖాళీగా ఆగే అంచుకి వాలుగా ఉండే అంచు పట్టీలు దొరుకుతాయి, అవి తప్పక వేయించండి. కర్ర పట్టుకుని నడిచేవాళ్లు ఉంటే పట్టీల మధ్య సందులు సన్నగా ఉన్న రకం చూడండి, కర్ర కొన ఇరుక్కోకూడదు.

బాల్కనీకి బరువెక్కువ అవదా?

ఒక డబ్ల్యూపీసీ టైల్ కిలోన్నర అనుకుంటే చదరపు మీటరుకి 17 కిలోల లోపే. మన ఐఎస్ 875 ప్రమాణం ప్రకారం ఇళ్ల బాల్కనీలను చదరపు మీటరుకి కనీసం 3 కిలోన్యూటన్ల బరువుకి, అంటే సుమారు 300 కిలోలకి లెక్కగట్టాలి. కాబట్టి టైల్స్‌తో టెన్షన్ అక్కర్లేదు. తడి మట్టి నింపిన పెద్ద కుండీలు, నీళ్ల డ్రమ్ములు వరసగా అంచున పెడితేనే ఆలోచించాలి. పాత కట్టడమై, శ్లాబు అడుగున ఇనుము బయటపడి ఉంటే ముందు ఇంజనీరుకి చూపించండి.

రెయిలింగ్ ఎత్తు కూడా చూసుకోండి. జాతీయ భవన నియమావళి ప్రకారం కనీసం ఒక మీటరు ఉండాలి. సరిగ్గా మీటరే ఉన్నచోట టైల్స్ వేస్తే రెండు సెంటీమీటర్లు తగ్గినట్టే. చిన్నపిల్లలున్న ఇంట్లో నేను రెయిలింగ్ కొలవకుండా పని మొదలుపెట్టను.

మాది వైజాగ్, బీచ్‌కి దగ్గర. పట్టీల స్క్రూలు తుప్పు పట్టవా?

మామూలు ఇనుప స్క్రూలైతే త్వరగా పడుతుంది, తుప్పు మరకలు కింద నేలకి కూడా దిగుతాయి. స్టెయిన్‌లెస్ స్టీల్ స్క్రూలు ఉన్నవే తీసుకోండి, ఉప్పుగాలికి 304 కంటే 316 గ్రేడ్ మేలు. స్క్రూలే లేకుండా కరిగించి అతికించిన రకాలు కూడా ఉన్నాయి.

అద్దె ఇల్లు. ఓనరు ఏమంటారో?

డ్రిల్లింగ్ లేదు, గమ్ లేదు కాబట్టి ఒప్పుకోకపోవడానికి కారణం తక్కువ. అయినా ముందు ఒక మాట చెప్పి, వేసే ముందు నేల ఫొటోలు తీసి పెట్టుకోండి. ఖాళీ చేసేటప్పుడు ఊడదీసి అట్టపెట్టెల్లో సర్దుకుని వెళ్లిపోవచ్చు.

వాస్తు ప్రకారం బాల్కనీ ఎత్తు పెరగొచ్చా?

ఈశాన్యం బాల్కనీ ఉన్నవాళ్లు ఇది తప్పక అడుగుతారు. టైల్స్ వేశాక బాల్కనీ అంతా ఒకే తీరున రెండు సెంటీమీటర్లు లేస్తుంది, కింద నీళ్ల వాటం మారదు. హాలు నేల కంటే బాల్కనీ ఎంత పల్లంగా ఉందో కొలిచి మీకు చెబుతాను. చాలా ఫ్లాట్లలో టైల్స్ వేశాక కూడా బాల్కనీయే పల్లంగా ఉంటుంది. ఆ కొలత మీరు నమ్మే సిద్ధాంతిగారికి చూపించి నిర్ణయించుకోండి.

మా అబ్బాయి న్యూజెర్సీలో ఇల్లు కొన్నాడు. బేస్‌మెంట్‌కి ఇలాంటివే వేస్తారట, నిజమేనా?

అక్కడ వేసేది దీనికి చుట్టం లాంటిది. రెండడుగుల చదరపు చెక్క పలకలు, వాటి అడుగున బుడిపెలున్న ప్లాస్టిక్ షీటు. అంచులు ఒకదాంట్లో ఒకటి దూరి కూర్చుంటాయి. నేలలో కూరుకున్న కాంక్రీటు నుంచి ఎప్పుడూ కొంచెం చెమ్మ వస్తూ ఉంటుంది కాబట్టి దానికీ పైన వేసే కార్పెట్‌కీ మధ్య గాలి సందు ఉండటం కోసం వేస్తారు. న్యూజెర్సీ, షికాగో వైపు ఇళ్లకి బేస్‌మెంట్లు ఎక్కువ. డాలస్ వైపు అరుదు.

వేసే ముందు అడుగున్నర చదరపు ప్లాస్టిక్ కవరును కాంక్రీటు మీద పరిచి, నాలుగు అంచులూ టేపుతో మూసి, కనీసం 16 గంటలు ఉంచి చూడమనండి. కవరు అడుగున నీటి చుక్కలు కనిపించినా, కాంక్రీటు నల్లబడినా ముందు ఆ చెమ్మ సంగతి చూడాలి. గోడల నుంచి నీళ్లు కారే బేస్‌మెంట్‌కి, వరద వచ్చే బేస్‌మెంట్‌కి ఈ పలకలు పరిష్కారం కావు. చెక్క నానితే ఉబ్బిపోతుంది.

ఎలా శుభ్రం చేయాలి?

రోజూ చీపురు. వారానికోసారి తడి బ్రష్, నాలుగు చుక్కల డిష్‌వాష్ సబ్బు. బాత్రూము యాసిడ్ వద్దు, పట్టీల రంగు తినేస్తుంది. ప్రెషర్ వాషర్ దగ్గరగా పెట్టి కొట్టొద్దు. ఏడాదికి రెండుసార్లు, మృగశిర కార్తె లోపు ఒకసారి, దీపావళికి ఇల్లు దులిపేటప్పుడు ఒకసారి, టైల్స్ నాలుగేసి చొప్పున ఎత్తి కింద నేల కడగండి. పోయిన చెవిదుద్దులు, పిల్లల బొమ్మ కార్ల చక్రాలు అప్పుడే దొరుకుతాయి.

మధ్యలో ఒక్క టైల్ పాడైతే అన్నీ ఊడదీయాలా?

అక్కర్లేదు. వెడల్పాటి స్క్రూడ్రైవర్‌కి గుడ్డ చుట్టి, పాడైన టైల్ మూల కింద దూర్చి మెల్లగా పైకి లేపండి. ఒక పక్క వదిలాక ఎదురు పక్క కూడా అలాగే. దాని కొక్కేలు విరిగినా బాధ లేదు, అది ఎలాగూ పోయేదే. పక్క టైళ్ల రింగులు విరక్కుండా చూసుకోవాలి. కొత్తది పెట్టేటప్పుడు దాని రింగుల్లోకి రావాల్సిన పక్క టైళ్ల కొక్కేలు అడ్డొస్తే, ఆ రెండు పక్కల టైల్స్ కాస్త పైకెత్తి మూడూ కలిపి ఒకేసారి కిందికి నొక్కండి.

కొనేటప్పుడే నాలుగైదు టైల్స్ ఎక్కువ తీసుకుని అటక మీద పెట్టుకోండి. రెండేళ్ల తర్వాత వెళితే అదే కంపెనీలో అదే రంగు పేరుతో ఇచ్చేది కూడా ఒక ఛాయ తేడా వస్తుంది, కొక్కేల కొలత మారిపోయి అసలు పట్టకపోవచ్చు కూడా. దాచినవాటిని ఎండ తగలని చోట, నిలువుగా కాకుండా బల్లపరుపుగా పేర్చి ఉంచండి, లేదంటే వంగిపోతాయి.